మందుకల్లు మానిన మూడో నాడు

శక్తినగర్ కరెంటు ప్లాంటులో కొత్త యూనిట్ కడుతున్న రోజుల్లో మద్దమ్మ అక్కడి క్వార్టర్లు ఊడ్చేది. మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటుపడి పని పోగొట్టుకుంది, ఉన్న గదీ పోగొట్టుకుంది. రెండేళ్లు రాయచూరు బస్టాండు గోడ పక్కన పడుకుంది. ఒకప్పటి తాగుబోతు హనుమప్ప ఆమెను లేపి తెచ్చి మాన్పించాడు. తర్వాత ఇద్దరూ కలిసి, మూతపడ్డ రైసుమిల్లు షెడ్డులో తమలాంటి వాళ్లకు చోటిచ్చి మాన్పించే పని పెట్టుకున్నారు.

కుమారస్వామి అలా వచ్చినవాడే. బాయిలర్ల దగ్గర వెల్డరు. కల్లు మానేటప్పుడు ఫిట్సు రాకుండా డాక్టరిచ్చిన మాత్రలు నాలుక కింద దాచి ఉమ్మేస్తున్నాడని ఎవరూ కనిపెట్టలేదు. మూడో నాడు మధ్యాహ్నం మద్దమ్మ రొట్టెలు కొడుతుంటే వణుక్కుంటూ లేచాడు.

"నన్ను బాయిలర్లో పెట్టి తలుపేశారు. తియ్యి."

"తలుపు తెరిసే ఉందన్నా. కూసో."

అతని కళ్లకు ఆమె కనబడలేదు, మూసిన బాయిలరు తలుపే కనబడింది. పొయ్యి దగ్గరి ఇనుప గొట్టం అందుకుని కొట్టాడు. ఆమె అడ్డం పెట్టిన చెయ్యి ఫెళ్లున విరిగింది. రెండో దెబ్బ చెవి మీద పడింది. నెత్తురు మెడ మీదుగా కారి రవికె తడిసింది.

హనుమప్ప కట్టెతో ఉరికొచ్చి కుమారస్వామి వీపు మీద రెండు వేశాడు. గొట్టం కింద పడింది.

"బువ్వ పెట్టినదాన్నే సంపుతవా? బయటికి నూకుత వీణ్ణి."

"కొట్టకు," అంది మద్దమ్మ. "నేను నీ చెయ్యి కొరికి కండ ఊడబెరికిన నాడు నన్ను నూకినవా?"

హనుమప్ప ఆగిపోయాడు. ఈలోగా కుమారస్వామి తన తలను గోడకేసి బాదుకోవడం మొదలుపెట్టాడు. నుదురు చిట్లింది. మద్దమ్మ బాగున్న చేత్తో అతని కాలు పట్టి లాగి పడేసింది. పడ్డవాడికి ఫిట్సు వచ్చాయి. నోట్లోంచి నెత్తుటి నురుగు. ఇద్దరూ కలిసి అతన్ని పక్కకు తిప్పి పట్టుకున్నారు. అది తగ్గాక, కొట్టినవాడూ దెబ్బ తిన్నదీ ఒకే ఆటోలో ఆసుపత్రికి వెళ్లారు.

కుమారస్వామి బతికాడు. మాత్రలు మింగలేదని ఆసుపత్రిలో ఒప్పుకున్నాడు. పదో రోజు ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయి మళ్లీ కల్లు దుకాణం దగ్గర తేలాడు. నెల దాటాక షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. చూడగానే మద్దమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"నీ చెయ్యి నేనే విరిచానంట కదమ్మా. నాకు గుర్తు లేదు."

"నాకు యాదికుంది."

అతను తల దించుకున్నాడు. వెళ్లలేదు.

"ఈపాలి గోలీ ఏసుకుని నోరు తెరిసి సూపియ్యాలె," అందామె. "నీ కాడ హనుమప్ప కూసుంటడు. నాకు నిన్ను సూస్తె భయమైతది."

సరిగా అతుక్కోని చెయ్యి ఇంకా లేవడం లేదు. రెండో చేత్తో చాప లాగి అతనికి పరిచింది.