ప్రాంప్టర్ రాసిన చావు

గుంటూరులో మేము నాటకాలాడిన హాలు తెల్లదొరల కాలంలో కట్టింది. లండన్ వెళ్లొచ్చిన జమీందారు ఒకాయన, అక్కడ చూసినటువంటిదే తనకూ కావాలని కట్టించాడట. స్టేజీ పైన సున్నంతో చేసిన రాణిగారి ముఖం, రెండు పక్కలా పెద్దమనుషులు కూర్చునే గూళ్లు, పాత్రధారి మాయమవడానికి స్టేజీ నేల మధ్యలో ఒక చెక్క తలుపు. నేను ఎరిగేనాటికి రాణిగారి ముక్కు ఊడిపోయింది. గూళ్లలో గబ్బిలాలుండేవి. మిర్చి సీజనులో హాలును వ్యాపారులకు అద్దెకిచ్చేవారు. బస్తాలు ఎత్తేశాక ఎంత ఊడ్చినా ఘాటు తెరల్లోనే ఉండిపోయేది. అందుకని ఎండాకాలం నాటకాలకు జనం మొదటి రంగం నుంచే కళ్లు తుడుచుకునేవారు. ఆ ఏడుపంతా తన గొప్పేనని మావారు చెప్పుకునేవారు.

మావారు పద్యనాటకాల్లో రాజు వేషాలు వేసేవారు. పగలు పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తా. ఆయనకు పేరొచ్చింది పాడటానికి కాదు, చనిపోవడానికి. ఆఖరి రంగంలో ఆయన నేలకొరగడం చూడటానికి ప్రత్తిపాడు నుంచి, పిడుగురాళ్ల నుంచి కూడా వచ్చేవారు. నేను మాత్రం ఒక్కసారీ చూడలేదు. మా నాటక సమాజంలో ఒక పట్టింపు ఉండేది. భర్త స్టేజీ మీద చనిపోతుంటే భార్య హాల్లో ఉండకూడదు. ఆ రంగానికి ముందు ఎవరో ఒకరు వచ్చి, "లేవండమ్మా" అనేవారు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని, ఇలాంటివి నమ్మేదాన్ని కాదు. అయినా మూడో వరసలో నా కుర్చీలోంచి లేచేదాన్ని. బయట సోడా బండి దగ్గర నిలబడితే లోపల హార్మోనియం ఆగడం వినిపించేది, తర్వాత చప్పట్లు వినిపించేవి. ఆ రెంటికీ మధ్య ఏం జరిగేదో నాకు తెలియదు.

అది బాగా తెలిసినవాడు ప్రాంప్టర్. పక్క తెర చాటున స్టూలు వేసుకుని, పద్యం మరిచినవాళ్లకు మొదటి మాట అందించేవాడు. పొగాకు కంపెనీలో టైపిస్టు, పెళ్లి చేసుకోలేదు. ఒక వారపత్రికకు దెయ్యాల సీరియళ్లు రాసేవాడు. తొంభై ఎనిమిదిలో మొదలుపెట్టిన సీరియల్లో పాత నాటకశాల ఒకటి, అందులో ఒక నటుడు. ప్రతి ఆటలోనూ చనిపోతాడు. తెర దిగాక, చూసినవాళ్ల ఆయుష్షులోంచి కొంత తీసుకుని లేస్తాడు. ముక్కులేని రాణి, చెక్క తలుపు, గబ్బిలాలు అన్నీ అందులోకి వచ్చేశాయి. ఆ నటుడు ఎడమ భుజం కొంచెం ఎత్తి నడుస్తాడు, అచ్చం మావారిలాగే. ఒక వారం అమావాస్యనాడు వెన్నెల కాయించాడు. పంచాంగం చూసి రాయమని కబురు పెట్టాను.

మావారు కోప్పడతారనుకున్నాను. ఆయన మురిసిపోయారు.

"చూశావుటే, నన్ను పిశాచాన్ని చేశాడు వెధవ!" అని ఇంటికొచ్చినవాళ్లందరికీ చూపించారు.

మరుసటి చలికాలానికి ఆయనకు ఊపిరి చాలకుండా పోయింది. మిల్లు దూది ఊపిరితిత్తుల్లో పేరుకుందన్నారు డాక్టరుగారు. పద్యం సగంలో ఆగిపోయింది, తర్వాత మెట్లు ఎక్కడం ఆగింది, చివరికి మంచం దిగడమే ఆగింది. చూపు కూడా ఆనేది కాదు. వారం వారం బంకులో పత్రిక కొని తెచ్చి నేనే చదివి వినిపించేదాన్ని. వారమంతా ఆయన ఎదురుచూసేది అదొక్కటే.

ఒక సంచికలో, అడుగున, వచ్చే వారం ముగింపు అని వేశారు. ఆ రోజు నుంచి ఆయన ధోరణి మారింది. మాత్ర ఇస్తే, "వచ్చే వారం కానీ, చూద్దాం" అన్నారు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపారు. నాకు భయం వేసింది. స్కూలు వదలగానే ప్రాంప్టర్ గదికి వెళ్లాను. అతను స్టవ్ మీద టీ పెట్టుకుంటున్నాడు.

"అందులో వాణ్ణి చంపకండి," అన్నాను.

"ఎవర్ని, వదినగారూ?"

"తెలియనట్టు మాట్లాడకండి. ఆయన మీ సీరియల్‌ని జాతకంలా చూస్తున్నారు. అందులో పోతే ఇక్కడ మందు మానేస్తారు. దెయ్యమేగా, ఇంకో ఊరికి పంపించెయ్యండి. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పెట్టండి, ఎవరడుగుతారు?"

అతను నవ్వాడు. "లెక్కల టీచరుగారు కూడా దెయ్యాలకు బస్సు చూపిస్తున్నారే!"

"ఎగతాళి తర్వాత. చంపుతారా, మానేస్తారా?"

"చంపేశానండి. అచ్చుకి వెళ్లిపోయింది కూడా."

నేను లేచాను. అతను స్టవ్ ఆర్పి, నా ముఖం చూడకుండా చెప్పాడు.

"అన్నగారే చంపమన్నారు. మీరు స్కూల్లో ఉన్నప్పుడు నన్ను పిలిపించారు. మంచం మీదే సీనంతా చేసి చూపించారు. చెయ్యి ఎక్కడ జారాలి, ఊపిరి ఎక్కడ ఆగాలి, అన్నీ. నేను వద్దంటే తిట్టారు. 'మా ఆవిడ ఒక్కసారీ చూళ్లేదురా. హాల్లో ఉండకూడదన్నారు గానీ పత్రికలో చదవకూడదని ఎవడూ అన్లేదుగా' అన్నారు."

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇద్దరూ కలిసి నా వెనక ఇంత పని చేశారు. ఆ వారం పత్రిక రాలేదని చెప్పేద్దామనుకున్నాను. పత్రిక వచ్చిన రోజున బంకు దాటి కొంత దూరం నడిచాను కూడా. మళ్లీ వెనక్కి వెళ్లి కొన్నాను. ఆయనకు అబద్ధం చెప్పి ఆ గదిలో కూర్చోవడం నావల్ల కాదు.

ఆయన ఆ వేసవి దాటలేదు. కానీ నాకు జ్ఞాపకమున్నది ఆ సాయంత్రమే.

దిండ్లు ఎత్తు పెట్టి కూర్చోబెట్టాను. ఆగకుండా చదివేశాను. రాజు వేషంలో ఉన్న నటుడు కత్తిపోటు తగిలి వెంటనే పడడు. ముందు కిరీటం తీసి జాగ్రత్తగా పక్కన పెడతాడు. తర్వాత జనంలోకి చూస్తాడు. మూడో వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఆఖరి పద్యం ఆ కుర్చీకే చెబుతాడు. ఈసారి ఎవరి ఆయుష్షూ తీసుకోడు, తెర దిగాక లేవడు. అంతే.

నేను పత్రిక మడిచాను. ఆయన కళ్లు తెరిచారు.

"ఎక్కాలు అప్పజెప్పినట్టు చదివావేమే! మనిషిని మరీ అంత తొందరగా చంపేస్తారా?"

"నాకు అలాగే వచ్చు."

"మళ్లీ చదువు. మెల్లిగా."

"ముందు మాత్ర వేసుకోండి. అన్నం తినండి. అప్పుడు చదువుతాను."

విసుక్కున్నారు, అయినా వేసుకున్నారు. చారన్నం నాలుగు ముద్దలు తిన్నారు. నేను మళ్లీ మొదలుపెట్టాను. కుర్చీ దగ్గరకు వచ్చేసరికి నా గొంతు ఆగిపోయింది.

"ఆఁ, అదీ," అన్నారాయన. "అక్కడ నేనూ ఆపేవాణ్ణి."