నర్సింగం పెంచిన బల్లులు

మా తమ్ముడు నర్సింగం మెదక్‌లో ఒక ప్రైవేటు ల్యాబులో పద్దెనిమిదేళ్లు రక్తం తీశాడు. సూది దిగినట్టే తెలియదని అతని చేతి కోసమే వచ్చేవాళ్లు ఉండేవారు. పోయిన ఆగస్టులో శాంపిళ్ల పెట్టె పట్టుకుని రామాయంపేట బస్సెక్కబోతూ బస్టాండులోనే కూలిపోయాడు. నలభై మూడేళ్లు. ల్యాబు వాళ్లు కట్టించిన ఫ్లెక్సీ మీద "చిరునవ్వుల నర్సింగం" అని రాయించారు. వాడు అంతగా నవ్వే మనిషి కాదు. జాగ్రత్త గల మనిషి. ఆ మాట ఫ్లెక్సీకి నప్పదనుకున్నారేమో.

పెళ్లి చేసుకోలేదు. మా ఇంటికి రెండు సందుల అవతల మేడమీద రెండు గదులు, ఒక వంటిల్లు కిరాయికి తీసుకుని ఉండేవాడు. పొద్దున టీ తప్ప ఆ వంటింట్లో ఏమీ వండేవాడు కాదు. రాత్రి భోజనం మా ఇంట్లోనే. వాడికి సంసారమంటూ ఉంటే అది నాలుగు బల్లులు.

గోడమీది బల్లులు కావు. జానెడు పొడుగు, పసుపు ఒళ్లు, నల్ల చుక్కలు, రెప్పలున్న కళ్లు, ముదురు బెండకాయంత తోక. హైదరాబాదులో ట్రైనింగుకు పోయినప్పుడు ఎబినేజర్ అనే స్నేహితుడి ఇంట్లో చూసి మనసుపడ్డాడు. అతనే రెండు పిల్లల్ని ఇచ్చాడు, ఏడాదికి మరో రెండు. నున్నటి గోడలు వాటికి ఎక్కరావు. గాజుపెట్టెలో పెడితే అందులోనే ఉంటాయి. "నా లెక్కనే అన్నా" అనేవాడు.

కింది వాటాలో ఉండే ఓనరు గోదావరమ్మ మెట్లమీద ఎదురైనప్పుడల్లా ఎగతాళి చేసేది.

"ఏం నర్సింగం, మా గోడలమీద ఊకెనే దొరుకుతయ్ గద, నువ్వు గంత దూరంకెల్లి తెచ్చుకున్నవ్?"

"మీ గోడమీదియి కిరాయి లేకుండ ఉంటున్నయమ్మా. నాయి కిరాయి కట్టి ఉంటున్నయ్."

వాడు పోవడానికి ఎనిమిది నెలల ముందు, డిసెంబరులో, ఎబినేజర్ ఐదోదాన్ని పంపాడు. అన్నిటికంటే పసుపు అదే. నర్సింగం దాన్ని మిగతావాటి దగ్గరికి చేర్చలేదు. వంటింటి గట్టుమీద వేరే పెట్టె, వేరే నీళ్లగిన్నె, పురుగుల్ని పట్టి అందించడానికి వేరే చిమటా, అదే చిన్న పట్టకారు. తొంభై రోజులు అక్కడే ఉండాలన్నాడు. రోజూ ముందు లోపలి గదిలో నాలుగింటి పని. ఆఖరున వంటింటిది. ఆ తర్వాత మోచేతుల దాకా సబ్బు, చొక్కా మార్పు. అటునుంచి ఇటు రావడం మాత్రం లేదు. వీటికి వచ్చే ఒక కడుపు జబ్బు ఉందట. పట్టుకుంటే మందు లేదు. తిన్నది కక్కుతాయి, తోక ఎండి పుల్లలా అవుతుంది. మంచిగా కనబడేది కూడా లోపల మోస్తూ ఉండవచ్చు.

"పురుడు వడ్డదా ఏంది దానికి, పక్కకు కూసోవెట్టినవ్?" అంది గోదావరమ్మ.

"పురుడే అనుకోండ్రి. ముట్టకుండ్రి, గంతే."

తాళంచెవి ఒకటి నా దగ్గర ఉండేది. వాడు ఊళ్లో లేనప్పుడు నీళ్లు పోయడానికి. "ఎవ్వర్నీ రానియ్యకన్నా" అని ఒక్క మాట చెప్పాడు. రెండోసారి చెప్పే అలవాటు వాడికి లేదు.

జనవరి చివర్లో ఒక ఆదివారం వాడు నిజాంపేటలో హెల్త్ క్యాంపుకు పోయాడు. పదకొండు గంటలకు మా మేనత్త సిద్దమ్మ పాపన్నపేట నుంచి దిగింది. కొడుకు ఇంద్రకరణ్ ఆటోలో తెచ్చాడు. మా అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు, నర్సింగానికి నాలుగు. మూడేళ్లు మమ్మల్ని సాకింది ఆ అత్తే. గడపలో అడుగు పెడుతూనే ఏడుపు.

"ఏమైందత్తా?"

"నెత్తిన వడ్డది కొడుకా. నడినెత్తిన. పొయ్యికాడ కూసున్న, దబ్బున వడ్డది. తానం జేసిన, దీపం వెట్టిన, దిల్ కుదురుత లేదు. నెత్తిన వడితే పాణం మీదికే గద?"

"బల్లిపాటుకు గింత పరేషానా?"

"నీకేం, సదువుకున్నోనివి. కంచికి వోయి బంగారు బల్లిని ముడితే పోతదంటరు. గంత దూరం నాతోనైతదా? నర్సింగం కాడ బంగారు బల్లులున్నయంట గద."

"అవి బంగారువి కావత్తా. పసుపుగుంటయ్, గంతే."

"పసుపైనా సాలు బిడ్డా. ఒక్కసారి ముట్టి వోత."

నర్సింగానికి మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎవరి చేతిలోనో సూది ఉండి ఉంటుంది. అత్త గడపలోనే కూర్చుని కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. ఇంటి ఆడబిడ్డ కన్నీళ్లు గడపలో పడితే ఆ ఇల్లు బాగుపడదని మా వాళ్ల మాట. నేను ఇలాంటివి నమ్మను. అయినా తాళంచెవి తీశాను.

మేడ మెట్లెక్కితే ముందు వచ్చేది వంటిల్లు. అత్త చేతికి అప్పటికే పసుపు రాసుకుని ఉంది.

"గిదే అన్నిట్లకన్న మంచిగున్నది. గిదొక్కటి ఒంటిగ ఎందుకున్నదిరా?"

"కొత్తది అత్తా. ముట్టొద్దన్నడు."

అప్పటికే మూత తీసింది. వీపుమీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. అయిపోయిందనుకున్నాను.

"ఒక్కటి ముడ్తె కాదు బిడ్డా. ఐదుండాలె. ఏ మొక్కైనా ఐదే."

లోపలి గదిలో నాలుగున్నాయి. లెక్క సరిపోయిందని మురిసిపోయింది. ఒకే చేతితో నాలుగింటినీ వరసగా ముట్టింది. చావు మైల ఉన్న ఇంట్లో మంచినీళ్లు కూడా తాగని మనిషి, పురిటింటికి పోయి వస్తే తలస్నానం చేయనిదే పొయ్యి దగ్గరికి పోని మనిషి. చెయ్యి కడుక్కోమని నాలుగు పెట్టెల ముందూ నేను ఒక్కసారి కూడా అనలేదు. ఆమె పోయాక బల్లుల వీపుల మీది పసుపును తడిబట్టతో తుడిచాను. ఐదింటికీ ఒకటే బట్ట.

రాత్రి నర్సింగం భోజనానికి వచ్చి "ఫోన్ చేసినవేందన్నా?" అన్నాడు.

"అత్తొచ్చింది. నిన్ను సూస్తనన్నది."

మూడు వారాలకు వంటింటిది కక్కింది. వాడు దాని మలం పలుచగా గాజుముక్క మీద రాసి, ల్యాబులో టీబీకి వాడే ఎర్రరంగు వేసి, మైక్రోస్కోపు కింద చూశాడు. ఎర్రటి చుక్కలు. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు గర్వంగానే ఉన్నాడు.

"అదే జబ్బన్నా. పక్కకు వెట్టిన కాబట్టి బతికిపోయినం. అండ్ల గిట్ల కలిపుంటే నాలుగూ పోతుండె."

అప్పుడు చెప్పాల్సింది. నా భార్య యశోద నా వైపు చూసింది కూడా. వాడి ముఖం అంత తేటగా ఉండటం చాలా రోజులకు చూశాను. నాలుగూ బాగానే తింటున్నాయి కదా, ఏమీ కాలేదేమో అనుకున్నాను. పప్పు వడ్డించమన్నాను.

మార్చిలో లోపలి గదిలో ఒకటి తిండి మానేసింది. మళ్లీ ఎర్రటి చుక్కలు. వాడు తన పనిలో తప్పు వెతకడం మొదలుపెట్టాడు. చిమటాలు మారాయేమోనని వాటికి రంగుదారాలు కట్టాడు. మేతకు తెచ్చినవాటిలో తప్పించుకున్న పురుగులు వంటింటి నుంచి లోపలికి పోయాయేమోనని తలుపు కింద గుడ్డలు కుక్కాడు. చొక్కా చేతులు మోచేతి పైకి కుట్టించాడు. ఆ జబ్బు బ్లీచింగుకు చావదట, అందుకని గిన్నెలన్నీ మరిగే నీళ్లలో వేసేవాడు. వాడి వేళ్లు తోలు లేచి ఎర్రబడ్డాయి. పశువుల దవాఖానకు ఒకదాన్ని డబ్బాలో పట్టుకుపోతే అక్కడి డాక్టరు పాపం నిజాయితీగా "బర్రెది చెప్పు చెప్త, గొర్రెది చెప్పు చెప్త. దీని మొకం ఇయ్యాలనే సూస్తున్న" అన్నాడట.

లోపలి గదిలో రెండోది కూడా పోయాక, అన్నం తింటూ ఒక మాటన్నాడు. "నా చేతుల్లనే ఉన్నది దోషం. రేపు పేషెంట్లకు కూడ అంటిస్తనేమో. ఈ పని బంద్ వెడ్త అన్నా."

ఇక ఆగలేకపోయాను. మొత్తం చెప్పాను. కోప్పడతాడని, కంచం విసిరేస్తాడని చూశాను. విసిరితే బాగుండేది.

"ముందు దేన్ని ముట్టింది?" అన్నాడు.

"వంటింట్ల దాన్ని."

"తర్వాత?"

కిటికీ వైపు నుంచి వరస చెప్పాను. తడిబట్ట సంగతీ చెప్పాను. వాడు వేళ్లు మడుస్తూ విన్నాడు.

"అత్తకు తెల్వదన్నా. ఆమె ఏం జేస్తది. నువ్వు గా దినమే చెప్పుంటే నాలుగింటిని నాలుగు దిక్కుల వెడ్తుండె. చిమటాలు వేరు జేస్తుండె. మంచిగున్నయనుకొని రెండు నెల్లు ఒకటే చిమటాతోని తినవెట్టిన. అత్త అంటిచ్చింది ఒక్కదానికో రెండిటికో. మిగిలినయాటికి నా చేత్తోని నేనే అంటిచ్చిన."

ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. మే నెలాఖరుకు ఆఖరుది కూడా పోయింది. పోయేముందు దాని తోక అగ్గిపుల్లంత ఉంది.

గాజుపెట్టెలు కొంటానని పాతసామాన్ల జాన్సన్ వచ్చాడు. నర్సింగం అమ్మలేదు. "ఎవరన్న తీస్కపోయి అండ్ల ఏదో ఒక పాణిని వెడ్తరు" అన్నాడు. ఐదు పెట్టెల్నీ గోనెసంచిలో వేసి సుత్తితో పగలగొట్టి, ఊరవతల గుంత తీసి పూడ్చి వచ్చాడు. నన్ను రమ్మనలేదు. ఎబినేజర్ మళ్లీ రెండిస్తానంటే వద్దన్నాడట. ఈ గది శుభ్రమని రాసివ్వలేనని చెప్పాడట. మా ఇంటికి భోజనానికి రావడం మానలేదు. నాతో మాట్లాడటం మానలేదు. ఏమడిగితే దానికి జవాబు చెప్పేవాడు, నేనడగనిది ఏదీ చెప్పేవాడు కాదు. గుండెలో నొప్పి వస్తోందన్న సంగతి ల్యాబులో వాళ్లకు తెలుసు. నాకు తెలియదు.

వాడు పోయిన పదకొండో రోజు దినాలకు బంధువులంతా వచ్చారు. వడ్డన నడుస్తుండగా సిద్దమ్మ అత్త రొమ్ముమీద కొట్టుకుంటూ ఏడ్చింది.

"బల్లి నా నెత్తిన వడ్డది. నా గండం నా బిడ్డ నెత్తినేస్కొని పోయిండు! నేను బతికున్న, సూడుండ్రి!"

ఆడవాళ్లంతా ఆమెతో ఏడ్చారు. ఎంత ప్రేమ అన్నారు ఎవరో. నేను విస్తరి ముందు కూర్చుని ఉన్నాను.

"గండం కాదత్తా" అన్నాను. అందరూ వింటుండగానే చెప్పాను. తాళం తీసింది నేనని, తుడిచింది నేనని, రెండు నెలలు నోరు మూసుకున్నది నేనని, వాడు తన చేతుల్ని అనుమానించుకుంటుంటే పక్కన కూర్చుని అన్నం తిన్నానని.

ఇంద్రకరణ్ పప్పు బకెట్టు పట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"గంతేనా బావా? ఇంకేందో అనుకున్న. బల్లులే గద."

"ఊకో కొడుకా" అంది అత్త, కళ్లు తుడుచుకుంటూ. "నీ తప్పేమున్నది. నోరులేని పురుగులు, యాడున్నా సస్తయ్."

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఇంద్రకరణ్ ఇంకో గరిటె పప్పు వేశాడు. తిన్నాను.