చాల్లెండి, ఇక ఆపండి

పాడైన వస్తువేదైనా సరే, మాస్టారి కంట పడకముందే బాగు చేయించుకోవాలి. పడిందా, దాని మీద ఆశ వదులుకోవాల్సిందే.

రిటైరైన ఈ లెక్కల మాస్టారి చేతిలో ఇస్త్రీపెట్టె ఫ్యానుగా మారింది. ఫ్యాను ఎందుకూ కాకుండా పోయింది. వెనక గది నిండా వైర్లు, మరలు, విప్పిన మోటార్లే. చూసి చూసి ఆయన భార్య ఆఖరి మాట చెప్పేసింది.

"నీళ్ల ట్యాంకుకి అలారం చేస్తానన్నారుగా. అది పెట్టాక కూడా ట్యాంకు పొంగిందో, ఆదివారం పాత సామాన్లవాణ్ణి పిలుస్తాను. ఆ గదిలో ఒక్క మేకు మిగలదు."

ఆ గదే లేకపోతే మాస్టారికి పొద్దెలా గడుస్తుంది?

మూడు రోజులు కష్టపడి ట్యాంకులోకి రెండు తీగలు దింపారు. నీళ్లు వాటిని తాకగానే వరండాలోని డబ్బా మాట్లాడుతుంది. ఉత్త మోతకన్నా మనిషి గొంతు నయమనుకుని, భార్య తనని కసురుతున్నప్పుడు గుట్టుగా రికార్డు చేశారు: "చాల్లెండి, ఇక ఆపండి." మోటారుకి ఇంతకన్నా అతికే మాట ఎక్కడ దొరుకుతుంది?

మర్నాడు ఆవిడ మోటారు వేసి కూరగాయలకి వెళ్లింది. కాసేపటికి డబ్బా మొదలుపెట్టింది. పదిసార్లంది, ఇరవైసార్లంది. "ఊఁ, అయిపోయింది, ఒక్క నిమిషం" అంటూ మాస్టారు గదిలో మర బిగిస్తూనే ఉన్నారు. ముప్ఫయ్యేళ్లుగా ఆ మాటకి ఆయన జవాబు అదే.

ఆవిడ తిరిగొచ్చేసరికి కింది వాటావాళ్లు ఆరేసిన పరుపు నిలువునా తడిసింది. డబ్బా ఇంకా అంటూనే ఉంది.

"ఇది నా గొంతేగా?"

"అలారం పనిచేసిందోయ్," మాస్టారు సిగ్గుతో నసిగారు. "నేనే వినిపించుకోలేదు."

"నా మాట ఎప్పుడు విన్నారు గనక?" ఆవిడ డబ్బా లాక్కుంది. "మీరు ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చే మాట ఒక్కటే ఉంది. ఆదివారం దాకా చూస్తాను."

రికార్డు మీట నొక్కి, డబ్బా దగ్గర నోరు పెట్టి, "భోజనానికి రండి" అంది.

మంత్రం వేసినట్టు పనిచేసింది. డబ్బా పిలవడమే ఆలస్యం, మాస్టారు గబగబా వచ్చి మోటారు స్విచ్చి నొక్కేవారు. శనివారం దాకా ఒక్క చుక్క పొంగలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ వడ్డించి, "భోజనానికి రండి" అని పిలిచింది. మాస్టారు గబగబా వచ్చి, అలవాటుకొద్దీ స్విచ్చి నొక్కి, చేతులు కడుక్కుని కూర్చున్నారు. ఆగి ఉన్న మోటారు తిరగడం మొదలుపెట్టింది.

పొద్దున్నే నింపిన ట్యాంకు, ఎంతసేపు పడుతుంది? నాలుగు ముద్దలు తిన్నారో లేదో, వరండాలోంచి డబ్బా పిలిచింది.

"భోజనానికి రండి."

"తింటూనే ఉన్నాగదోయ్," అన్నారు మాస్టారు, తలెత్తకుండానే.

మేడ మీంచి నీళ్లు ధారకట్టాయి. అదే సమయానికి వీధిలో పాత సామాన్లవాడి కేక వినబడింది. ఆవిడకి ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. లేచి వెళ్లి మోటారు ఆపింది. వస్తూ వస్తూ వీధివైపు కిటికీ మూసేసింది.