గాజు తొట్టెలో గణపతి

రోజూ దీపం వెలిగించే చేత్తో రాస్తున్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా నేను అల్లింది కాదు. నమ్మకపోతే పోనీ... నవ్వకండి, అంతే.

మాది నార్సింగిలో అపార్ట్‌మెంట్. సెల్లార్‌లో ఒక చిన్న కంపెనీ వాళ్లు మురుగునీటిని శుద్ధి చేసే కొత్త పద్ధతిని పరీక్షిస్తున్నారు. సూక్ష్మజీవులు మురికిని తింటాయి, మిగిలినదాన్ని సన్నటి పొరలు ఆపేస్తాయి, చివరికి తేటనీళ్లు ఒక గాజు తొట్టెలోకి చేరతాయి. అక్కడి నుంచి పైపులో మా ఆవరణలోని పిల్లల ఫౌంటెన్‌కి పంపాలని వాళ్ల ఆలోచన. మా మరిది హరీశ్ అందులోనే ఇంజినీరు. నన్ను తీసుకెళ్లి చూపించిన రోజు ఆ తొట్టెకు దణ్ణం పెట్టుకున్నాను. నేను బడికి వెళ్లలేదు, నాన్న ఇంట్లోనే చదువు చెప్పాడు. నీళ్లు తాగే ముందు కళ్లకద్దుకోవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మనం పారబోసిన నీళ్లు మళ్లీ మన దగ్గరికే రావడం... అంతకంటే దయ ఏముంటుంది?

అందుకే నా కోపం ఆ నీళ్ల మీద కాదు. మనుషుల మీద.

వినాయక చవితికి నేను చేసిన ఎర్రమట్టి గణపతినే అపార్ట్‌మెంట్‌లో అందరూ కొలిచారు. నిమజ్జనం సాయంత్రం కంపెనీ పెద్దాయన కెమెరాతో దిగాడు. స్వామిని గాజు తొట్టెలోకి దించమన్నాడు.

"వీడియో అదిరిపోతుందండీ! దేవుడే మునిగిన నీళ్లంటే ఇంకెవరు అడుగుతారు చెప్పండి? రేపు పొద్దున్నే పిల్లల ఫౌంటెన్‌కి వదిలేద్దాం."

"నీళ్ల ల్యాబ్ రిపోర్టు వచ్చిందా అండీ?" అన్నాను.

"వస్తుందిలేమ్మా. ఎంత తేటగా ఉన్నాయో చూడండి ముందు!"

హరీశ్ నా పక్కకు జరిగి, "వదినా, జర ఊకో. నా నౌకరీ ఉన్నదిక్కడ," అని గొణిగాడు.

ఊరుకున్నాను. కానీ ఆ ఫౌంటెన్ కింద నా కూతురు చిన్ని నోరు తెరుచుకుని ఆడుతుంది. రాని రిపోర్టుకు బదులు దేవుడి చేత సాక్షి సంతకం పెట్టిస్తారా? అది నిమజ్జనమా? అబద్ధం!

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. స్వామికి క్షమాపణ చెప్పుకుందామని ఒక్కదాన్నే కిందికి దిగాను. మట్టి అడుక్కి చేరాలని సాయంత్రమే మోటార్లన్నీ ఆపేశారు. సెల్లార్ అంతా నిశ్శబ్దం. తొట్టె ఉన్న గది తలుపు తోశాను.

అప్పుడు వినిపించింది.

చప్... చప్... ఆగి... చప్.

నాకు తెలిసిన చప్పుడే అది. గణపతిని చేసేటప్పుడు తడిమట్టిని అరచేత్తో తడితే వచ్చే చప్పుడు. నా చేతి చప్పుడు. కానీ నా చేతులు రెండూ... ఫోన్‌ను గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

టార్చి వేశాను. వెలుతురు గాజు మీద పడింది. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. స్వామి కనిపించలేదు. మురుగు వాసన లేదు... అప్పుడే తడిసిన మట్టి వాసన. అడుగున, ఫౌంటెన్ పైపు మొదలయ్యే చోట... ఆ ఎర్రనీళ్లలో ఏదో మెల్లగా కదులుతోంది. ఇటు... మళ్లీ అటు. తొందర లేదు దానికి. పని చేసుకుంటున్నట్టు.

చప్.

ఆగిపోయింది. నన్ను చూసి ఆగినట్టు... ఆగింది.

స్వామి నామం అనుకుంటూ వెనక్కి తిరిగాను. మెట్లు ఎలా ఎక్కానో నాకే తెలియదు.

పొద్దున వాల్వు తిప్పారు. ఫౌంటెన్‌లో ఒక్క చుక్క రాలేదు. నీళ్లు పైనుంచి తోడేసి చూస్తే మట్టంతా పైపు మూతిలో గట్టిగా కూరి ఉంది. తొట్టె అడుగున పిడికెడు కూడా మిగల్లేదు.

పెద్దాయన నా మీదికి లేచాడు. "రాత్రి మీరు మెట్లు దిగడం సీసీ కెమెరాలో పడిందమ్మా! ఇది మీ పనే కదా?"

"నా కొంగు కూడా తడవలేదు!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పరీక్ష తేలని నీళ్లు పిల్లల మీద వదలబోయిన మిమ్మల్ని ఎవరూ అడగరు. నన్ను మాత్రం నిలదీస్తారా?"

హరీశ్ ఆ మట్టిముద్దను మెల్లగా బయటికి తీశాడు. దాని మీద కుడి అరచేతి అచ్చు.

"మట్టి కొట్టుకపోయి పైపుకు అడ్డం పడ్డది, అంతే," అన్నాడు. "ఈ అచ్చు నువ్వు బొమ్మ చేసినప్పటిదే అయ్యుంటది వదినా."

"మోటార్లు ఆపే ఉన్నాయి కదా హరీశ్. ఎలా కొట్టుకుపోయింది?"

అతను ముద్దను నా వైపు తిప్పాడు.

"ఏదీ, చెయ్యి పెట్టి చూడండి," అన్నాడు పెద్దాయన.

పెట్టాను. వేలికి వేలు సరిపోయింది.

"చూశావా హరీశ్! ఆ పైపు కడిగి వాల్వు తిప్పు."

హరీశ్ ఆ ముద్దనే చూస్తున్నాడు. దాన్ని కింద పెట్టాడు. "రిపోర్టు వచ్చేదాక నేనైతే తిప్ప సార్. నౌకరీ పోతే పోనీ."

ఫౌంటెన్ ఇంకా మూసే ఉంది. ఆ పని నాదేనని సగం అపార్ట్‌మెంట్ ఇప్పటికీ అంటోంది. అననివ్వండి. కానీ ఆ గణపతిని తడిగుడ్డతో నున్నగా తుడిచింది నేను. ఒక్క వేలిముద్ర కూడా మిగల్చలేదు... నాకు బాగా గుర్తు. మరి ఆ అచ్చు ఎప్పటిది?

నా బిడ్డ మీద ఆ నీళ్లు పడకుండా ఆపింది ఎవరైనా సరే, వాళ్లకు రోజూ దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను. కాకపోతే... దీపం వెలిగించేటప్పుడు ఇప్పుడు నా కుడిచేతి వైపు చూడను.

భయం.