రెండో తుమ్ము

పోయిన వారం మా వార్డులో కొత్తగా చేరిన అమ్మాయి, మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీస్తూ, తను కూడా ఆన్‌లైన్‌లో నర్సింగ్ బ్యాచిలర్స్ మొదలుపెట్టానని, ఇప్పుడు పరీక్షకి మనిషెవరూ కాపలా ఉండరని, సాఫ్ట్‌వేరే మన కళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూసుకుంటుందని చెప్పింది. నాకు వెంటనే కలరా ఉండల వాసన వచ్చింది. ఆమె తెచ్చుకున్నది పాస్తా. అందులోంచి ఆ వాసన రావడానికి కారణమేమీ లేదు.

నలభై నిండకుండానే జ్ఞాపకాలేమిటని మీరనుకోవచ్చు గానీ, ఆస్పత్రిలో ఉద్యోగం చేస్తూ డిగ్రీ చదివినవాడి వయసు రెండింతలుగా లెక్కపెట్టాలి. ఆ లెక్కన నేను మీలో చాలామందికి అన్నయ్యని.

అప్పట్లో మేము పార్సిప్పనీ అనే ఊళ్ళో ఒక బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మా ఆవిడ సాఫ్ట్‌వేర్. నేను ఆవిడ వీసాకి తోకలా వచ్చి, కొన్నాళ్ళు ఊరికే కూర్చుని, వంటలో ప్రావీణ్యం సంపాదించి, పని చేసుకునే అనుమతి వచ్చాక దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళ నర్సింగ్ కోర్సు చదివి, ఆస్పత్రిలో చేరాను. ఆ కాంప్లెక్స్‌లో తలుపు కొడితే కన్సల్టెంటే బయటికొచ్చేవాడు. పుట్టినరోజు పార్టీల్లో మగవాళ్ళంతా ఒక మూల చేరి, మీదే ప్రాజెక్టండీ అని నన్నడిగేవాళ్ళు. యూరిన్ బ్యాగులండీ అనేవాణ్ణి. కాసేపటికి నా చుట్టూ కావలసినంత ఖాళీ దొరికేది.

మా ఆస్పత్రివాళ్ళు అప్పుడే కొత్త నియమం పెట్టారు. రెండేళ్ళ చదువుతో చేరినవాళ్ళందరూ ఆ సంవత్సరం చివరికల్లా బ్యాచిలర్స్ పూర్తి చేయాలి, లేకపోతే వార్డులో చోటుండదు. అందుకని నేను షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య, బస్సులో, లాండ్రీ గదిలో, ఒకసారైతే పళ్ళ డాక్టరు కుర్చీలో కూడా చదువుతూ, కోర్సు తర్వాత కోర్సు గట్టెక్కి, ఆఖరికి స్టాటిస్టిక్స్ అనే ఒక్క పేపరు దగ్గరికొచ్చి ఆగాను. అది దాటితే ఉద్యోగం ఉంటుంది. దాటకపోతే మళ్ళీ వంటలో ప్రావీణ్యం.

ఆ రోజుల్లోనే అమ్మ మా దగ్గర ఆరు నెలలుండడానికి వచ్చింది. వచ్చిన మర్నాటినుంచే, నేను షిఫ్టుకి బయల్దేరే వేళకి లంచ్ బాక్సు కట్టి గట్టు మీద పెట్టి ఉండేది, అమ్మ మాత్రం బాత్‌రూమ్‌లో ఉండేది. లోపలినుంచి కుళాయి చప్పుడు. వెళ్ళొస్తానమ్మా అని అరిస్తే, ఆఁ అని నీళ్ళలోంచి వినబడేది. విమానప్రయాణం బడలిక వల్ల వేళలు తప్పాయని మొదటి నెల అనుకున్నాను. తర్వాత ఏమీ అనుకోలేదు. నర్సుని కదా, ఇతరుల ఇళ్ళల్లో మనుషుల్ని బాగా గమనిస్తాను.

ఆఖరి పరీక్ష నాడు నాకు సెలవు, మా ఆవిడకి ఆఫీసు. ఆ యూనివర్సిటీ పరీక్షల్లో ఎక్కడో కూర్చున్న ఒక మనిషి మన కెమెరాలోంచి మనల్నే చూస్తూ ఉంటాడు. గదిలో ఇంకెవరూ ఉండకూడదు, కనబడకూడదు, వినబడకూడదు. పొరపాటున ఎవరైనా వస్తే పరీక్ష రద్దని అమ్మకి ముందురోజే చెప్పాను. వ్రతకథ విన్నంత శ్రద్ధగా విన్నది.

పొద్దున మంచినీళ్ళ సీసా లేబుల్ పీకేసి, అదీ ఒక నియమమే, వంటింట్లోంచి బెడ్‌రూమ్ వైపు నడుస్తుంటే, కింద అపార్ట్‌మెంట్‌లో ఉండే కరీంనగర్ ఆంటీ పెద్ద బొట్టుతో, చేతిలో పాలగ్లాసుతో హాల్లో నాకెదురుగా నడిచొస్తోంది.

“మీ అమ్మ ఎదురు రమ్మన్నది బాబూ. నేనైతే వచ్చిన. నువ్వేమో ఇంట్లకెల్లి ఇంట్లకే పోతున్నవు. గిదేం ప్రయాణమో నాకు సమజ్ కాలే.”

“వీసా అక్కర్లేని ప్రయాణం ఆంటీ. అమ్మ ఏదీ?”

“కనబడలే. బట్టలుతుకనీకి కిందికి పోయిందేమో. పాలు తాగు, మంచిగ రాయి.”

పాలు తాగాను. ఆంటీ తలుపు లాగేసి వెళ్ళిపోయింది. లోపలికెళ్ళి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. కాపలా మనిషి చెప్పినట్టే లాప్‌టాప్‌ని చేతుల్లోకెత్తి, హారతిలాగా గది చుట్టూ తిప్పాను. నాలుగు గోడలు, బల్ల కింద, మంచం కింద. నా వెనక మూసి ఉన్న తలుపేమిటని అడిగాడు. క్లోజెట్, చలికోట్లు పెట్టుకుంటామన్నాను. ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అన్నాడు. లేరన్నాను. సరే మొదలుపెట్టమన్నాడు.

సగం దాకా బాగానే సాగింది. ప్రశ్నలు తెలిసినవే. ఒక లెక్క మధ్యలో ఉండగా వెనకనుంచి ఒక తుమ్ము వినబడింది.

పొడి తుమ్ము. జలుబుది కాదు, ఘాటు వాసనకి వచ్చేది. ఆ మాత్రం రోగనిర్ధారణ నా చదువులో ఉంది. వెనక్కి చూస్తే కళ్ళు తెర మీదినుంచి తప్పాయంటారు, చూడకపోతే గుండె ఆగేలా ఉంది. అటువైపు మనిషి ఏమీ అనలేదు. మా కాంప్లెక్స్ గోడల సంగతి మీకు తెలుసు, పక్కింట్లో పోపు వేస్తే మనకి దగ్గొస్తుంది; ఆయన కూడా అలాంటిదే అనుకుని ఉంటాడు. మళ్ళీ లెక్కలో పడ్డాను. గండం గడిచిందనే అనుకున్నాను.

అప్పుడు రెండోది వచ్చింది. ఈసారి స్పష్టంగా, నిండుగా, ఎవరో పూనుకుని తుమ్మినట్టుగా.

తెర ఆగిపోయింది. లేచి ఆ తలుపు తెరవమని ఆ గొంతు చాలా మర్యాదగా చెప్పింది. తెరిచాను. చలికోట్ల మధ్య, సూట్‌కేసు మీద, మడతపెట్టిన దుప్పటి ఒళ్ళో పెట్టుకుని అమ్మ కూర్చుని ఉంది. నన్ను చూడగానే కొంగు మొహాన కప్పుకుని గోడవైపు తిరిగింది. నేను వెనక్కి తిరిగేసరికి పరీక్ష మూసేశారని, విషయం క్రమశిక్షణ కమిటీకి వెళుతుందని తెర మీద రాసి ఉంది.

అమ్మ బయటికొచ్చాక మంచం చివర కూర్చుంది. తనే చెప్పింది.

“దుప్పట్లు మడతేస్తున్నాన్రా. నువ్వు పెందలాడే వచ్చేస్తుంటివి. బయటికొస్తే నీకెదురు పడతానని అందులో దూరాను. నువ్వు కూర్చున్నాక జారుకుందామనుకుంటే, ఆ కళ్ళ పెట్టె తలుపు వైపే చూస్తోందాయె.”

“మరి రెండోసారి ఎందుకు తుమ్మావే?”

“ఒంటి తుమ్ము మంచిది కాదు గదా నాయనా. బలవంతాన ఇంకోటి తెచ్చుకున్నాను.”

ఆ క్లోజెట్‌లోని కలరా ఉండలు కూడా తను వేసినవే.

నాన్న పోయి అప్పటికి ఐదేళ్ళు. బాత్‌రూమ్‌లో కుళాయి చప్పుడు ఎందుకో నాకు ఆ మంచం చివరే అర్థమైంది. నేను ఏ పనికి బయల్దేరినా నాకు ఎదురు రాకుండా, ఈ ఇంట్లో ఆవిడ రోజూ కుళాయి తిప్పి, తలుపేసుకుని లోపల నిలబడింది. నీళ్ళ బిల్లు అద్దెలోనే కలిసి ఉంటుంది గనక ఇన్నాళ్ళూ నా దృష్టికి రాలేదని మా ఆవిడతో జోకు వేశాను. ఆవిడ నవ్వలేదు. అత్తయ్యని ఒక్క మాటనకు అని మాత్రం అంది.

ఆ తర్వాత వారాల తరబడి కమిటీ కబురు లేదు. వార్డులో మా మేనేజరమ్మ, సర్టిఫికెట్ ఎప్పుడిస్తావని చిరునవ్వుతో అడిగేది. ఆ చిరునవ్వు రోజురోజుకీ సన్నబడుతూ వచ్చింది. నా తర్వాత చేరినవాళ్ళు కూడా సర్టిఫికెట్లు తెచ్చిచ్చారు. మందులిచ్చేటప్పుడు ఒకటికి రెండుసార్లు పేరు సరిచూసుకునే నేను మూడోసారి కూడా చూసుకోవడం మొదలుపెట్టాను. ఇంట్లో అమ్మ దాదాపు మాట్లాడ్డం మానేసింది. కుళాయి ఇంకా ఎక్కువసేపు మోగేది.

విచారణ కూడా వీడియోలోనే. ముగ్గురు. మధ్యలో అధ్యక్షురాలు, నెరిసిన జుట్టు, పరిశోధన పద్ధతులు చెప్పే ప్రొఫెసర్. మా వైపు ఒక పనికి బయల్దేరేటప్పుడు ఎవరు ఎదురొచ్చారన్నది చూస్తారని, భర్త పోయిన ఆడవాళ్ళు ఎదురు రాకూడదని ఒక పాడు నమ్మకం ఉందని, మా అమ్మ అందుకే దాక్కుందని, నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఖర్చు చేసి చెప్పాను. మీరు ఎక్కడికి బయల్దేరారు అని ఒకాయన అడిగాడు. బెడ్‌రూమ్‌లోకి అన్నాను. ఆయన అది రాసుకున్నాడు. నేను చెప్పినకొద్దీ నాకే నమ్మబుద్ధి కాలేదు. కాపీ కొట్టానని ఒప్పుకుంటే ఇంతకంటే మర్యాదగా ఉండేది.

అధ్యక్షురాలు మా అమ్మతో మాట్లాడాలంది. అమ్మ రానంది. నేను ఎదురొస్తే జరిగే పని కూడా జరగదురా అంది. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. కెమెరా వైపు చూడకుండా, బల్ల వైపు చూస్తూ చెప్పింది:

“నా మొహం చూసి వెళితే వీడి పరీక్ష పోతుందని దాక్కున్నాను తల్లీ. చూడకపోయినా పోయింది. ఇక నాకేమీ తెలీదు.”

నేను మాట పొల్లుపోకుండా తర్జుమా చేశాను. అప్పుడు అధ్యక్షురాలు కళ్ళద్దాలు తీసి, ఒక్క ఉదాహరణతో ఏదీ రుజువు కాదని ఆవిడకి చెప్పు అంది. చెప్పాను. అమ్మ మొదటిసారి తలెత్తి తెరకేసి చూసింది.

మళ్ళీ రాసుకోమన్నారు. ఒక షరతు: క్లోజెట్ తలుపు బార్లా తెరిచి ఉంచాలి, ఇంట్లో ఉన్నవాళ్ళందరూ ముందు కెమెరా ముందుకొచ్చి, కనబడి, బయటికి వెళ్ళాలి.

ఆనాడూ మా ఆవిడకి ఆఫీసే. కాపలాకి ఈసారి కొత్త గొంతు. మా ఇంటి చరిత్ర చదువుకుని కూర్చున్నట్టుంది, ఇంట్లో ఉన్నవాళ్ళని పిలవమంది. అమ్మ గడప అవతల నిలబడి, కిందికెళ్ళి ఆంటీని తీసుకొస్తానుండు అంది. ఇంట్లో ఉన్నవాళ్ళే రావాలిటమ్మా అన్నాను. గడియారం నడుస్తోంది. నా ఉద్యోగం అటు, అమ్మ పాదం ఇటు. ఆ పాదం గడప మీదికొచ్చింది, వెనక్కి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని ఉందని అప్పుడు చూశాను. నా కళ్ళలోకి సూటిగా చూస్తూ ఎదురుగా నడిచొచ్చి, నా తల మీద చెయ్యి పెట్టి, వెళ్ళిరా నాయనా అంది. నేను కూర్చునే ఉన్నాను. థాంక్యూ మేడమ్, మీరిక వెళ్ళొచ్చు అంది గొంతు.

పాసయ్యాను. చెప్పుకోదగ్గ మార్కులేమీ కావు. డిగ్రీ వచ్చింది, ఉద్యోగం నిలబడింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి నర్సులు దొరక్క ఆస్పత్రివాళ్ళు ఆ నియమాన్నే చడీచప్పుడు లేకుండా ఎత్తేశారు.

కానీ పరీక్ష మర్నాడు పొద్దున షిఫ్టుకి బయల్దేరుతుంటే కుళాయి చప్పుడు లేదు. అమ్మ లంచ్ బాక్సు పట్టుకుని తలుపు దగ్గర, నాకెదురుగా నిలబడి ఉంది.

“ఆవిడ ఒక్కటి చాలదంది గదా. ఇంకోసారి చూద్దాం.”

తిరిగి వెళ్ళేదాకా అలా రోజూ చూసింది. సాయంత్రం నేను ఇంట్లో అడుగుపెట్టగానే, ఇవాళ మీ వార్డులో ఎవరన్నా పోయారా అని అడిగేది. చాలా రోజులు లేదనే చెప్పగలిగాను. ఒకరోజు, పోయారమ్మా, పెద్దాయన, తొంభై దాటాయి అన్నాను. “ఆయన నన్ను చూళ్ళేదుగా,” అని, అమ్మ కూర పొయ్యి మీదినుంచి దించింది.

ఇప్పుడు అమ్మ డాలస్‌లో అక్క దగ్గర ఉంటోంది. మాది సొంత ఇల్లు. క్లోజెట్ తలుపు తీస్తే దీపం దానంతటదే వెలుగుతుంది, దాక్కునే వీలు లేదు. గరాజు వంటింటికి అంటుకునే ఉంటుంది గనక, పొద్దున నేను ఎవరి మొహమూ చూడకుండా కారెక్కుతాను. మా ఆవిడ మేడ మీద హెడ్‌సెట్‌లో, పాప స్కూలు బస్సులో. మంచి శకునం లేదు, చెడ్డది లేదు, గరాజు తలుపు ఒక్కటే నాకోసం లేస్తుంది. మొన్న ఆ కొత్తమ్మాయికి, పరీక్షకి కూర్చునే ముందు క్లోజెట్ ఒకసారి తెరిచి చూసుకో అని చెప్పాను. జోకనుకుని నవ్వింది. నా మాటలకి ఎప్పుడూ వచ్చే గౌరవమే అది.

ఈమధ్య పొద్దున తాళాలు తీసుకునే వేళకి ఇంట్లో ఎక్కడో నీళ్ళ చప్పుడు వినబడితే, వెళ్ళొస్తానమ్మా అని అనబోయి ఆగుతాను. డిష్‌వాషర్.