మగ్గం గుంతలో దిగని రోజు

నమ్మకానికి కారణం చెప్పమని అడిగేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. తెలుసుకోవాలని ఎవడూ అడగడు. ఎదుటివాణ్ణి తన ముందు చేతులు కట్టుకుని నిలబెట్టాలని అడుగుతాడు. నేనీ సంగతి పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. బెంగుళూరు పేటలో, యుద్ధం రోజుల్లో, మా ఇంటి మగ్గం పక్కన కూర్చుని నేర్చుకున్నాను. నేర్పినవాడు మాకు నూలు ఇచ్చే షావుకారు.

అప్పటికి నేను పదిహేడేళ్ళ పిల్లని. మా వీధంతా తెలుగు నేతగాళ్ళే. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే కన్నడం. మా నాన్నకు ఉబ్బసం. మగ్గం కింది గుంతలో కాళ్ళు పెట్టుకుని కాసేపు నేస్తే చాలు, పిల్లికూతలు మొదలయ్యేవి. అందుకని పడుగు సాగదీయడం, గంజి పెట్టడం ఆయన చూసుకునేవాడు. కండెలు చుట్టడం నాది. మగ్గం మాత్రం అమ్మది. కర్ర సామానంతా మాదే గానీ నూలు షావుకారుది. నూలు కంట్రోలు కిందికి పోయిన కాలం కాబట్టి వీధిలో ఎవరి పొయ్యి వెలగాలో ఆయనే తేల్చేవాడు. మిల్లు గుడ్డ దొరక్క జనం చేనేత బట్ట కోసం ఎగబడుతున్నారు. మేం ఎంత నేసినా ఆయనకు చాలేది కాదు.

మావాళ్ళలో అమావాస్య నాడు మగ్గం ఆడదు. గుంత ఊడ్చి, మగ్గానికి పసుపూ కుంకుమా పెట్టి, ఊదువత్తి వెలిగించి, ఇంత బెల్లం నైవేద్యం పెట్టి ఊరుకుంటారు. తాతల నాటి నుంచీ అంతే. ఒకసారి అమావాస్య దగ్గర పడుతుండగా షావుకారు వీధికి కబురు పంపాడు. ఇక మీదట ఆ సెలవు లేదు, నేసినవాళ్ళకే నూలు అని. నాలుగు రోజులు వీధి గొణిగింది. తర్వాత ఇల్లిల్లూ ఒప్పుకుంది. యుద్ధం అయిపోయాక మళ్ళీ చూసుకుందాం అనుకున్నారు. ఆ అమావాస్య పొద్దున వీధి నిండా మగ్గాల్లో ఆడే నాడెల చప్పుడు. మా ఇంట్లో అమ్మ గుంత ఊడుస్తూ ఉంది.

మర్నాడు షావుకారు నాన్నను పిలిపించాడు. నేసిన బట్ట మోసుకుని నేనూ వెంట వెళ్ళాను. మేం చేరేసరికి రాహుకాలం. ఆ వేళలో ఆయన నూలు తూచడు, బట్ట ముట్టడు, మాటకు కూడా కూర్చోడు. అది గడిచేదాకా మేం ఆయన వాకిట్లో ఎండలో నిలబడ్డాం. ఇదేమిటని ఎవరూ అడగలేదు. అడగవచ్చని నాన్నకు తట్టను కూడా లేదు.

లోపలికి పిలిచాక షావుకారు అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఎంతో న్యాయంగా మాట్లాడాడు.

"నేనేం మొండివాణ్ణి కాదప్పా. ఆయమ్మ ఏంటికి నెయ్యదో కారణం చెప్పు. సరిగ్గా ఉంటే నేనే వదిలేస్తా."

నాన్న ఆ మాటకు పడిపోయాడు. కారణం చెబితే గండం గట్టెక్కుతుందనుకున్నాడు.

"నెలంతా గుంతలో కూసుంటే కాళ్ళు పట్టుకొంటాయి సామీ. ఒక దినమన్నా విశ్రాంతి కావల్ల."

"ఉండల్ల. ఆదివారం తీసుకోమను."

"గుంతలో చెమ్మ ఉంటాది సామీ. ఆరబెట్టల్ల."

"అదీ ఆదివారమే ఆరబెట్టుకోండి. అమావాస్య ఎండ వేరేగా ఉంటాదా?"

నాన్న ఇంకో రెండు చెప్పాడు. మగ్గం తాళ్ళు బిగించాలన్నాడు, అచ్చు తుడవాలన్నాడు. అన్నిటికీ ఆదివారమే జవాబు. చివరికి "మీరు చెప్పేదీ నిజమే సామీ" అని తల ఊపి, ఆ నెల నూలు మాత్రం పుచ్చుకుని బయటికొచ్చాడు. అమ్మ నమ్మింది ఒకటి, నాన్న వాదించింది ఇంకొకటి. ఓడిపోయింది మాత్రం అమ్మ పక్షం. దారి పొడుగునా నాన్న మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అడిగినవాడికల్లా కారణం వండి వార్చడానికి ఈయనెవరు?

ఇంటికొచ్చి జరిగింది చెబితే అమ్మ చేటలో రాగులు చెరుగుతూ విన్నది.

"నిన్నెవురు చెప్పమనిరి? నా కాళ్ళు నొస్తా ఉండాయని నేనెప్పుడన్నా అంటినా?" అంది నాన్నతో.

సాయంత్రం పక్కింటి అత్త వచ్చింది. మంచిది, లోకం తెలిసిన మనిషి. అమ్మ పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"ఏదో ఒకటి చెప్పేయవే. మునుపు అమావాస్య నాడు మగ్గం కాడ బిడ్డ పోయిందని చెప్పు. ఆయన మనసు కరుగుతాది. ఎవురు పోయి చూడొస్తారు?"

"లేని బిడ్డను చంపమంటావా వదినా?" అంది అమ్మ.

అత్త చెప్పిన ఉపాయం పారేదేనని నాకిప్పటికీ నమ్మకం. ఏడుపు కథ తోడుంటే ఎంత వింత నమ్మకమైనా చెల్లుతుంది. కథ లేకుండా నమ్మితే దానికి పొగరని పేరు. అమ్మకు అలాంటి కథేమీ లేదు. నాకు తెలిసి ఏ అమావాస్యా ఆమెకు కీడు చేయలేదు, ఏ పున్నమీ మేలు చేయలేదు. నాకూ అదే మింగుడు పడేది కాదు. కారణమంటూ ఒకటుంటే ధైర్యంగా ఆమె పక్కన నిలబడేదాన్ని.

మరుసటి అమావాస్యకు షావుకారే మా ఇంటికొచ్చాడు. నాన్న పీట వేశాడు. ఆయన కూర్చుని మగ్గం వంక చూశాడు. సగం నేసిన చీర దోనె కర్రకు చుట్టుకుని ఉంది, ఊదువత్తి ఇంకా కాలుతోంది.

"వీధిలో అన్ని మగ్గాలూ ఆడతా ఉండాయి. నీది ఒకటే ఏంటికమ్మా ఆడదు?"

"ఈ దినం అమావాస్య కదా సామీ."

"అది నాకూ తెలుసు. అయితే ఏంటికి నెయ్యకూడదు? ఒక్క మాట చెప్పు, లేచి పోతా."

"నేను నెయ్యను సామీ."

మధ్యలో నాన్న పంచె ఎగ్గట్టాడు. "ఈ దినానికి నేను దిగుతా సామీ. నేను నేస్తా." అప్పటికే ఆయన గొంతులో పిల్లికూతలు.

"నువ్వు సుమ్నే ఉండప్పా" అని నాన్న నోరు మూయించాడు షావుకారు. "ఆయమ్మ చెప్పల్ల."

గుడ్డ గొడవ ఎప్పుడో అయిపోయిందని నాకప్పుడు అర్థమైంది. ఒక్కరోజు నేత ఆగితే ఆయన కొట్టు మూతపడదు. వీధిలో ఒక్క ఆడది ఆయనకు సంజాయిషీ ఇవ్వకుండా బతుకుతోంది. అది ఆయన కంట్లో నలుసు.

"రాహుకాలంలో మీరు నూలు తూచరు కదా. అదేంటికి?" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "అది శాస్త్రం."

"ఏ శాస్త్రం?"

ఆయన నోరు తెరిచేలోపు అమ్మ నా మీద విరుచుకుపడింది. "నోరు మూయి. ఆయనది ఆయనకు. అడిగేదానికి నువ్వెవురే?"

షావుకారు ముఖంలో నవ్వొచ్చింది. తనను వెనకేసుకొచ్చిందనుకున్నాడు కాబోలు. ఆ మాట నాకెంతో తనకూ అంతేనని అర్థమయ్యాక నవ్వు పోయింది. లేచి కండువా దులుపుకున్నాడు.

"రేపు నా మనిషి వస్తాడు. నూలంతా ఇచ్చేయండి."

మర్నాడు పొద్దున్నే మనిషి వచ్చాడు. అమ్మే గుంతలో దిగి, కత్తితో పడుగు కోసింది. సగం చీర, మిగిలిన పడుగు, నేను చుట్టిన కండెలు అన్నీ మూటగట్టి అతని చేతికిచ్చింది. ఆమె కంట నీరు లేదు. ఏడ్చింది నేను, అదీ కోపంతో.

ఆ తర్వాత మా బతుకు కుక్కలు చింపిన విస్తరి అయింది. నాన్న ఒక మిల్లు గేటు దగ్గర కావలికి కుదిరాడు. మిల్లుకు ఆదివారం సెలవు. ఆదివారమే ఎందుకని అక్కడ ఎవరూ ఎవరినీ నిలదీయలేదు. అమ్మ పట్టుగూళ్ళు ఉడికించి దారం తీసే ఇంట్లో పనికి చేరింది. వేడి నీళ్ళలో నాని నాని ఆమె వేళ్ళు తెల్లగా పాలిపోయి పగిలేవి. రాత్రి సంగటి ముద్ద కలపడానికి నన్ను పిలిచేది. కారం తగిలితే ఓర్చుకోలేకపోయేది.

మళ్ళీ అమావాస్య వచ్చింది. మగ్గం మీద నూలుపోగు లేదు. అమ్మ పనికి వెళ్ళలేదు, ఆ రోజు కూలి పోయింది. ఆ పగిలిన వేళ్ళతోనే గుంత ఊడ్చింది, పసుపు పెట్టింది, ఊదువత్తి వెలిగించింది. నేను ఇక పట్టలేకపోయాను.

"నాకు దీంట్లో నమ్మకం లేదు. ఇంక నేను మగ్గానికి దండం పెట్టను. ఏంటికంటే..."

కారణాలు నెల రోజులుగా నా నోట్లో నలుగుతూనే ఉన్నాయి. నాన్న దగ్గు, ఖాళీ కుండ, ఆమె చేతులు. ఒక్కొక్కటీ ఆమె ముఖాన కొట్టాలనే ఉంది నాకు.

అమ్మ చెయ్యెత్తి ఆపింది.

"నిన్నెవురు అడిగిరి?"

ఆ గొంతులో కోపం లేదు. నైవేద్యం పెట్టిన బెల్లం విరిచి, ఒక ముక్క నా చేతిలో పెట్టబోయి ఆగింది.

"తింటావా?"

వద్దన్నాను. సరేనని పక్కన పెట్టింది. ఎందుకు వద్దో అడిగి ఉంటే ఆ పూట పోట్లాడి నా కోపమంతా తీర్చుకునేదాన్ని. ఆమె అడగలేదు.