వెనక పేజీ నుంచి చదివే మామ

మా మామ పోయి పదకొండు రోజులైంది. రక్తసంబంధం ఏమీ లేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టుపక్కల కాంట్రాక్టు పనులు చేసుకునేవాళ్ళందరికీ ఆయన మామే. కబురు వచ్చినప్పుడు నేను పులివెందుల దాటి, ఒక సోలార్ కంపెనీ లైను కింద పన్నెండు మంది పనివాళ్ళతో నిలబడి ఉన్నాను. ఆయన కొడుకు ఫోన్ చేసి, "నాయన పొద్దున్నే పోయినాడన్నా. మూడు గంటలకు ఎత్తుతాండాం, వచ్చేయ్" అన్నాడు. ఆ రోజు సంగతి తర్వాత చెబుతాను, ముందు ఆయన ఎవరో చెప్పాలి.

నాది జమ్మలమడుగులో చిన్న సంస్థ. కరెంటు టవర్ల మీద పింగాణీ ఇన్సులేటర్లు తుడవడం, పగిలినవి మార్చడం మా పని. ఇలాంటి పనులకు కంపెనీలు ముందు ఒక పెద్ద అగ్రిమెంటు రాయించుకుంటాయి. మాస్టర్ సర్వీస్ అగ్రిమెంటు అంటారు. అందులో షరతులన్నీ ఉంటాయి, పని మాత్రం ఉండదు. పని పడినప్పుడల్లా వేరే వర్క్ ఆర్డరు పంపుతారు. ఇది తెలియక, మొదటి అగ్రిమెంటు మీద సంతకం పెట్టిన రోజే నేను వీధంతా మిఠాయి పంచి, మనుషులను కుదుర్చుకున్నాను. ఏడు నెలలైనా ఒక్క ఆర్డరూ రాలేదు. ఎవరో చెబితే ఆ కాగితాలు పట్టుకొని ప్రొద్దుటూరులో మామ దగ్గరికి వెళ్ళాను.

"పెండ్లిచూపులకే పందిరేసినావు కదప్పా!" అని పడీపడీ నవ్వాడు.

ఆయన ఒక పవర్ ప్లాంటు కాంట్రాక్టుల విభాగంలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. అగ్రిమెంటు చేతికిస్తే చివరి పేజీ నుంచి మొదటికి చదివేవాడు. "ముందరంతా తేనె పూసింటారు. కారం యాడ దాచినారో వెనక నుంచి పోతేనే దొరుకుతాది" అనేవాడు. ఫీజు తీసుకునేవాడు కాదు. ఒకటే పట్టు: పనివాళ్ళందరినీ పిలుచుకొని రావాలి. వాళ్ళను వరండాలో కూర్చోబెట్టి ఒక్కో షరతూ తెలుగులో చదివి చెప్పేవాడు. పన్నెండు మందిని ఆటోల్లో తెచ్చి, ముప్పై పేజీలు వినిపించడమంటే మాటలా! లోలోపల ఎన్నిసార్లు తిట్టుకున్నానో. "సంతకం పెట్టేది నువ్వు, పైకెక్కేది వాళ్ళు. ఎవరు వినాల?" అనేవాడు మామ.

ఈ సోలార్ కంపెనీ అగ్రిమెంటు కూడా అలాగే చదివాడు. మా మనుషులకు ఏం జరిగినా, తప్పు ఎవరిదైనా, బాధ్యత మాదే అని ఒకచోట ఉంది. కువైట్‌లో కరెంటు పని చేసి వచ్చిన మస్తాను చెయ్యెత్తాడు.

"మామా, లైను ఆపాల్సింది వాళ్ళు. వాళ్ళు ఆపకుండా మాకు షాక్ కొడితే?"

"అప్పుడు గూడా మీ అన్నదే బాధ్యత. అట్లే రాసినారు."

"ఇదేం న్యాయం మామా?"

"న్యాయమని ఎవరన్నారప్పా? అగ్రిమెంటు ఇది."

రెండు షరతులు చేర్చమని అడగమన్నాడు. లైను ఆపినట్టు సంతకం చేసిన ఎల్‌సీ కాగితం చేతికి వచ్చేదాకా ఎవరూ టవరు ఎక్కకూడదు, ఎక్కనందుకు జరిమానా వేయకూడదు. సూపర్‌వైజరు కింద లేకుండా పని సాగకూడదు. మా పనిలో ఫోన్లో "ఆపేసినాం, ఎక్కండి" అంటే ఎక్కేయడమే అలవాటు. నాకు ఒళ్ళు మండింది. "ఇవన్నీ అడిగితే పని ఇంకొకరికి పోతాది మామా. నా కడుపు కొట్టొద్దు" అన్నాను.

పనివాళ్ళు టీకి లేచి వెళ్ళేదాకా ఆయన ఆగాడు.

"ఇట్లాంటి బాధ్యత షరతే శానా ఏండ్ల కింద మా ప్లాంటులో నేనే టైపు చేసినా. ఒకడు ఫోన్ మాట నమ్మి ఎక్కి కాలిపోయినాడు. వాని పెండ్లాం ఆఫీసుకొస్తే ఆ పేజీ తీసి చూపించింది గూడా నేనే. ఆమెకు చదువు రాదు. కాగితాన్ని చేత్తో తడిమి, సరే సార్ అని పోయింది."

మర్నాడే ఆ రెండు షరతులూ రాసి కంపెనీకి పంపాను. నెల రోజులు నానబెట్టి ఒప్పుకున్నారు.

ఇక ఆయన పోయిన రోజు. కంపెనీ ఆ రోజుకు షట్‌డౌను, అంటే లైను ఆపే టైము, ఖాయం చేశాక పని వదిలేసి పోవడానికి లేదు. రెండు టవర్లు తొందరగా ముగిస్తే మూడింటికి ప్రొద్దుటూరు చేరవచ్చు. పదింటికి కంపెనీ ఇంజనీరు ఫోన్ చేసి, లైను ఆపేశాం, ఎల్‌సీ కాగితం వెనకాల వస్తోంది, ఎక్కించండి అన్నాడు. నేను ఇంకేమీ ఆలోచించలేదు.

"ఎక్కండప్పా, జల్దీ ముగించి పోదాం. మామ ముఖమన్నా చూడొద్దా?"

ఎవరూ కదల్లేదు. మస్తాను గ్లోవ్స్ తీసి ఒళ్ళో పెట్టుకొని కింద కూర్చున్నాడు.

"కాగితం యాడన్నా?"

"వస్తాందంట."

"రానీ."

"ఆడ మామను ఎత్తేస్తార్రా!" అని అరిచాను.

"మాకు మాత్రం చూడాలని లేదా అన్నా? కాగితం రానీ. కావాలంటే నువ్వు పో."

నేనూ పోలేను. సూపర్‌వైజర్ని నేనే. మిగతా పదకొండు మందీ ఒక్కొక్కరే కూర్చున్నారు. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆయన చదువుతున్నంతసేపూ టైము చూసుకున్నవాణ్ణి నేను, విన్నవాళ్ళు వాళ్ళు.

కాగితం ఒంటిగంటకు వచ్చింది. లైను పొద్దున్నే ఆపారట, ఫోన్లో చెప్పింది నిజమే. మస్తాను కాగితం తీసుకొని అందరికీ వినపడేలా చదివాడు. తర్వాత ఎక్కారు.

మేం ప్రొద్దుటూరు చేరేసరికి పొద్దు వాలింది. పెన్న ఒడ్డున బంధువులంతా వెళ్ళిపోయారు. చితి సగానికి పైగా కాలింది. "ఇంతసేపు యాడ పోయినారప్పా? చూసేవాళ్ళంతా చూసి పోయినారు" అన్నాడు కాటికాపరి. నాకు ఏడుపు ఆగలేదు. పనివాళ్ళు బూట్లు విప్పి, హెల్మెట్లు చేత పట్టుకొని చితి చుట్టూ నిలబడ్డారు. ఎందుకో వాళ్ళను లెక్కపెట్టాను. పన్నెండు మందీ ఉన్నారు.